జమున వినే పేజీ

సిరీ, రోజూ ఒక పేజీ రాయడానికి, పొద్దున్నే నడవడానికి మనసు ఎట్లా తెచ్చుకుంటావు అమ్మమ్మా అని మొన్న ఫోనులో అడిగావు. రాదు బిడ్డా, నాకూ మనసు రాదు. నువ్వు కొనుక్కున్న నోటుబుక్కు నాలుగు రోజులకే సొరుగులోకి పోయిందని, పొద్దున పరుగెత్తుదామని తీసుకున్న బూట్లు తలుపు వెనక దుమ్ము పట్టాయని నవ్వుతూ చెప్పావు. ఆ నవ్వులో కొంచెం సిగ్గు వినబడింది. సిగ్గు పడకు. నా సంగతి రాస్తున్నాను, చదువు. తమ్ముడు చందుకు కూడా గట్టిగా చదివి వినిపించు. పుణె బడిలో వాడికి తెలుగు రావడం లేదన్నావు కదా, విననియ్యి.

పోయిన ఏడాది శ్రావణంలో అమ్మమ్మకు కొంచెం బాగా లేదని మాత్రమే మీకు చెప్పారు. జరిగింది ఇది.

పొద్దున చాయ తాగి, ఎప్పటిలాగే బీడీల చాట ఒళ్లో పెట్టుకుని గడప పక్కన కూర్చున్నాను. ఆకు కుడి చేతిలోంచి జారింది. తీశాను, మళ్లీ జారింది. రాత్రి ఆకు ఎక్కువ నానిందేమో అనుకున్నాను. దాన్ని పక్కన పెట్టి ఇంకొకటి తీసుకున్నాను. అదీ జారింది. నలభై ఏళ్లు బీడీలు చుట్టిన దానిని, చెయ్యి తప్పు చేస్తుందని నాకు తోచనే లేదు. ఆకునే తిట్టుకుంటూ, తడి తుడుస్తూ, ఎండకు పెడుతూ కూర్చున్నాను. అట్లా గంట పోయింది. మీ అత్త లత నీళ్ల బిందెతో వచ్చి నా ముఖం చూసి బిందె అక్కడే దించేసింది. నా నోరు ఒక పక్కకు పోయిందట. నాకు తెలియదు. "ఆకు మంచిగ లేదు" అని చెప్పాననుకున్నాను. ఆమెకు వినబడింది మాట కాదు.

ఆ గంట చాలా విలువైనదని తర్వాత డాక్టరు అన్నాడు. మన బీడీల ఆడవాళ్లకు అందుకే చెబుతుంటాను, ఆకు రెండుసార్లు జారితే ఆకును చూడకండి, చేతిని చూసుకోండి, ఎవరినైనా పిలవండి అని.

మీ మామ శ్రీను తన ఆటోలోనే బాన్సువాడ దవాఖానకు తీసుకుపోయాడు. అక్కడినుంచి అంబులెన్సులో నిజామాబాద్. దారి పొడుగునా పొలాల్లో నాట్లు పడుతున్నాయి. కిటికీలోంచి పచ్చగా కనబడుతుంటే, ఇవన్నీ కోతకొచ్చేసరికి నేను ఉంటానో లేనో అనుకున్నాను. నాకు గుర్తున్నది అంతే.

నిజామాబాద్‌లో పదకొండు రోజులు. కుడి చెయ్యి, కుడి కాలు నావి కానట్టు పక్కన పడి ఉండేవి. మాట ఇంకా ఘోరం. శ్రీనూ అని పిలవబోతే "తాళం" అని వచ్చేది. వాడు నిజంగానే ఇంటి తాళంచెవి జేబులోంచి తీసి చూపించాడు, ఇదిగోనమ్మా ఉంది అని. నాకు ఏడుపొచ్చింది. తాళం కోసం ఏడుస్తున్నానని వాడు దాన్ని నా దిండు కింద పెట్టాడు.

వార్డు బయట బెంచీ మీద మీ మామ, అత్త చిన్న గొంతుతో పోట్లాడుకునేవాళ్లు. హైదరాబాద్ తీసుకుపోదామని వాడు, ఇక్కడి డాక్టరు అవసరం లేదంటున్నాడు కదా అని ఆమె. ఇంట్లోనే ఉండి గంటసేపు ఎట్లా చూసుకోలేదని వాడు ఒకసారి అననే అన్నాడు. లత బెంచీ మీద నుంచి లేచింది. లోపలికి వచ్చి నా కాళ్ల మీద దుప్పటి సర్దింది. దాని తప్పేమీ లేదని చెప్పాలని నేను నోరు తెరిచాను. ఏ మాట వస్తుందోనని భయపడి మూసుకున్నాను. ఆ వార్డు ఊడ్చే ఆయమ్మ ఒకావిడ, పేరు కూడా అడగలేకపోయాను, మూడో రోజు తన పని అయిపోయాక నా మంచం మీద కూర్చుని, అట్టలు కట్టిన నా జుట్టు చిక్కు తీసి జడ వేసింది. అద్దం లేదు కాబట్టి జడ కొసను నా ఎడమ చేతిలో పెట్టి తడిమించింది.

ఐదో రోజు జమునాబాయి వచ్చింది.

జమున ఎవరో మీకు తెలియదు. మీ ముందు నేను ఆమె పేరు ఎత్తలేదు, కారణం ఉంది. ఆమెది మన ఊరవతలి తండా. నా కంటే రెండేళ్లు చిన్న, నన్ను అక్కా అనేది. ఇద్దరం పక్కపక్కన కూర్చుని పంతొమ్మిదేళ్లు బీడీలు చుట్టాం. ఆమెకు బీడీ కార్మికుల కార్డు లేదు. నా కార్డు మీదనే చుట్టి, ఇద్దరి కట్టలు ఒకే గంపలో టేకేదారు దగ్గరికి తీసుకుపోయేవాళ్లం. టేకేదారంటే మాకు ఆకు, తంబాకు ఇచ్చి, చుట్టిన బీడీలు చూసి తీసుకునేవాడు.

చందు పుట్టబోయే రోజులవి. మీ అమ్మ కాన్పుకు మా ఇంటికొచ్చి ఉంది. నా మనసంతా దాని మీదనే ఉండేది, చేతులు మాత్రం చాటలో ఉండేవి. ఒకరోజు టేకేదారు మా గంపలోంచి నాలుగు కట్టలు తీసి, వేలితో నొక్కి, వదులుగా ఉన్నాయని అరుగు మీదికి విసిరేశాడు. ఊళ్లో ఆడవాళ్లంతా అక్కడే ఉన్నారు. ఎవలియి ఇవి అని అడిగాడు.

నేను చూశాను. నావే.

ఎట్లా తెలుసంటే, ఎవరి బీడీ వాళ్లకు తెలుస్తుంది. చిన్నప్పుడు తలుపు సందులో పడి నా బొటనవేలి గోరు వంకర పోయింది. దానితో బీడీ మూతి మడిస్తే మడత కొంచెం ఎడమకు వాలుతుంది. కొనేవాడికి కనబడదు, చుట్టేవాళ్లకు కనబడుతుంది. ఆ నాలుగు కట్టలూ ఎడమకే వాలి ఉన్నాయి. నేను అన్నాను, "నాయి కావు. జమునయి."

జమున వంగి ఒక కట్ట తీసుకుంది. దాన్ని చూసింది, తర్వాత నన్ను చూసింది. కట్టను మళ్లీ అరుగు మీద పెట్టి, ఖాళీ చాట చంకన పెట్టుకుని వెళ్లిపోయింది. ఆ వారం నుంచి టేకేదారు ఆమెకు ఆకు ఇవ్వలేదు. ఆమె వర్ని వైపు పొలాలకు నాట్లకు పోవడం మొదలుపెట్టింది. వంగి వంగి నడుము పాడైందని ఎవరో చెబితే విన్నాను. ఎనిమిదేళ్లు ఇద్దరం మాట్లాడుకోలేదు. సంతలో ఎదురైతే నేనే కూరగాయల వైపు తిరిగేదాన్ని.

ఆ జమున నిజామాబాద్ దవాఖానలో, జొన్న రొట్టెలు గుడ్డలో కట్టుకుని, నా మంచం దగ్గర నిలబడి ఉంది. లతతో అంది, "నేను కూసుంట బిడ్డా. నువ్వు పోయి తానం చేసి, ఇంత తిని రా." లత నా వైపు చూసింది. నేను కళ్లు మూసుకున్నాను. జమున స్టూలు మీద కూర్చుని నా కుడి చెయ్యి ఒళ్లోకి తీసుకుని వేళ్లు ఒక్కొక్కటే చాపింది. బొటనవేలు దగ్గర ఆగింది. చాలాసేపు ఆగింది. ఆ వేలు ఆమె పట్టుకుందని చూస్తే తెలిసింది కానీ, పట్టు మాత్రం నాకు తెలియలేదు.

అప్పుడే అనుకున్నాను. మాట వస్తే మొదట ఈమెకు నిజం చెబుతాను.

భాద్రపదంలో ఇంటికి తెచ్చారు. బాన్సువాడ దవాఖానలో వ్యాయామం చేయించే ఒక చిన్న మేడం ఉండేది. చెయ్యి ఇట్లా ఎత్తమ్మా పదిసార్లు, పిడికిలి ఇట్లా మూయి పదిసార్లు, గోడ పట్టుకుని నడువు. రోజూ కుడి చేత్తోనే ఒక పేజీ రాయి, రాసింది గట్టిగా చదువు, చెయ్యీ నోరూ రెండూ వస్తాయి అంది. ఏడో తరగతి దాకా చదివాను కాబట్టి రాయమంటే భయం లేదు. భయం వేరే చోట ఉంది. నాకు పది లెక్క రాదు. బీడీల కట్టకు ఇరవై అయిదు. నా చెయ్యి నలభై ఏళ్లుగా ఇరవై అయిదు దగ్గరే ఆగుతుంది. పది దగ్గర ఆపితే పని సగంలో వదిలేసినట్టు ఉండేది. ప్రతిదీ ఇరవై అయిదు సార్లు చేశాను. నాలుగో రోజుకు భుజం వాచి, చెయ్యి కదపలేక మళ్లీ మంచం ఎక్కాను. మేడం తల పట్టుకుంది.

ఐదో రోజు నోటుబుక్కు మంచం కిందికి తోసేశాను. నీ బుక్కు నాలుగు రోజులు, నాది ఐదు. పెద్ద తేడా లేదు చూశావా. లేచి కూర్చోవాలంటే విసుగు. గీతలు చూస్తే ఏడుపు. అక్షరం రాద్దామంటే పురుగు పాకినట్టు వచ్చేది. లత ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి గుర్తు చేసేది. ఒకరోజు నేను కసిరాను. ఆమె గిన్నె కింద పెట్టి మెల్లగా అంది, "నేను యాది చేసుడు నీ మీద కోపంతోని కాదు అత్తమ్మా. ఒక్కదాన్ని నాతోని అయితలేదు." తర్వాత వాకిట్లోకి పోయి కూర్చుంది. ఇల్లంతా నా మంచం చుట్టూ తిరిగి తిరిగి అలిసిపోయిందని అప్పుడు కనబడింది నాకు.

మర్నాడు పొద్దున జమున వచ్చింది. నడుము మీద ఒక చెయ్యి వేసుకుని, అడుగు అడుగుకూ ఆగుతూ వచ్చింది. మంచం కింద నుంచి నోటుబుక్కు లాగి నా ఒళ్లో పెట్టింది.

"ఏం రాసినవ్?"

ఏం లేదు అన్నాను. మాట ముద్దగా వచ్చింది.

"ఆ ఏం లేనిదే చదువు."

మూడు మాటలు ఉన్నాయి అందులో. ఆకు, చాట, దారం. చదవడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను. జమున చదువుకోలేదు. ఆ కాగితం వైపు చూడదు, నా నోటి వైపే చూస్తుంది. అయిపోయాక అంది, "గింతేనా? మూడు మాటలు విననీకి తండ నుంచి నడుసుకుంట వచ్చిన్నా నేను? రేపు జర ఎక్కువ రాయి అక్కా, నా కాళ్లకు సరిపోవాలె."

ఇక అంతే సిరీ. మధ్యాహ్నం అన్నం తిన్నాక రాసేదాన్ని. మనసు వచ్చి కాదు. పొద్దున జమున వస్తుంది, అడుగుతుంది, చూపించడానికి ఏమీ లేకపోతే నడుం నొప్పి పెట్టుకుని వచ్చిన మనిషిని ఉత్త చేతులతో పంపాలి. అందుకని రాశాను. ఎనిమిదేళ్ల కింద ఒకసారి అట్లా పంపాను కదా.

వ్యాయామం కూడా ఆమే చేయించింది. పాత పేపరును ఆకు కొలతకు కత్తిరించి, తంబాకు లేకుండా ఉత్త బీడీలు చుట్టించేది. పది కాగానే నా చేతి మీద కొట్టేది. "కట్ట గాదు. పది." దసరా నాటికి కాలువ గట్టు మీదికి తీసుకుపోయింది. ఆమె నడుము పట్టుకుంటూ, నేను కాలు ఈడుస్తూ, కరెంటు స్తంభం నుంచి స్తంభానికి. ఎవరు ఎవరిని నడిపిస్తున్నారో చూసేవాళ్లకు తెలిసేది కాదు. పొలం పనికి పోయి తిరిగొస్తున్న ఆడవాళ్లు ముసలోళ్లకు పందెమా ఏంది అని నవ్వితే, జమున వాళ్లకు జవాబు చెప్పేది, "ఆమె కాలు వస్తలేదు, నాకు నడుము వస్తలేదు. ఇద్దరం గలిస్తె ఒక మనిషి."

కార్తీకం నాటికి పేజీ నిండసాగింది. పెళ్లి కాకముందు మా అమ్మ చేసిన ఉల్లికారం గురించి రాశాను. మీ తాత మొదటిసారి సైకిలు కొన్న రోజు గురించి రాశాను. మీ అమ్మ చిన్నప్పుడు బీడీల దారం మింగిన సంగతి రాశాను. జమున అన్నీ వింది. అక్కడక్కడ సరిచేసేది కూడా, సైకిలు ఎర్రది కాదు నల్లది అని. పంతొమ్మిదేళ్లు పక్కన కూర్చున్నది, నా బతుకు ఆమెకూ సగం గుర్తుంది. ఆ నాలుగు కట్టల మాట మాత్రం ఇద్దరం ఎత్తలేదు. రోజూ రాద్దామని కూర్చుని, ఇంకొకటి రాసేదాన్ని.

పుష్యంలో, బాగా చలిగా ఉన్న రోజున, రాశాను. పేజీ నిండా. ఆ కట్టలు నావి, నాకు తెలిసే అబద్ధం ఆడాను అని. మర్నాడు జమున వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది. నోటుబుక్కు తెరిచాను. అక్షరాలు చక్కగా కనబడుతున్నాయి. నోరు రాలేదు. ఈసారి జబ్బుతో కాదు. మా ఊరి బావి గురించి ఏదో నోటికొచ్చింది కల్పించి చెప్పాను, చదువుతున్నట్టే.

జమున చివరిదాకా విని అంది, "ఇయ్యాల నీ కండ్లు కాయితం మీద కదుల్తలేవు." నేను తల వంచుకున్నాను. ఆమె చీర సర్దుకుంటూ లేచింది. "మంచిదే. రేపు చదువు. ఏడికి పోతది."

ఆ రేపు రాలేదు. ఆమెకు ఆయాసం ఎక్కువై, బిడ్డ వచ్చి దెగ్లూరు తీసుకుపోయింది. మహారాష్ట్రలో ఉంది ఆ ఊరు, మద్నూర్ దాటితే. చెప్పిపోవడానికి కూడా వీలు కాలేదు. ఫోనులో ఆమెకు సరిగా వినబడదు. హలో హలో అని ఇద్దరం అరుచుకుని పెట్టేసేవాళ్లం. ఇట్లాంటి సంగతి అరిచి చెప్పేది కాదు కదా.

పది రోజులు నేను రాయలేదు, నడవలేదు. పొద్దున ఆ వేళకు చెవి వాకిలి వైపే ఉండేది. ఎవరి చెప్పుల చప్పుడైనా ఆమెదే అనిపించేది. పదకొండో రోజు లేచాను. దెగ్లూరు పోవాలంటే బస్సు ఎక్కాలి. బస్సుకు మెట్లు ఎత్తు. మేడంను అడిగితే మెట్టు మీద కాలు పెట్టడం నేర్పింది. మా అరుగు మెట్టు మీద రోజూ ఎక్కాను, దిగాను. పదిసార్లు. కట్ట కాదు, పది. రోజూ ఆ పేజీనే మళ్లీ రాశాను. ఒకే పేజీ, అదే సంగతి. రాసిన కొద్దీ చిన్నదైంది. కార్డు సంగతి, కాన్పు సంగతి, టేకేదారు కోపం, నా సాకులన్నీ ఒక్కొక్కటిగా రాలిపోయాయి.

ఉగాదికి ముందు లత నన్ను తీసుకుపోయింది. మొదటి మెట్టు ఎక్కగానే కండక్టరు పైనుంచి చెయ్యి ఇచ్చాడు. లత వెనక నుంచి పట్టుకుంది. సీట్లో కూర్చున్నాక ఆమె కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకుంది. నేనూ చూడనట్టే ఉన్నాను.

జమున తన బిడ్డ ఇంటి ముందు ఎండలో మంచం మీద ఉంది. చాలా చిక్కిపోయింది. పక్కింటి వాళ్లతో మరాఠీలో ఏదో చెప్పి నవ్వుతోంది. నన్ను చూసి అన్న మొదటి మాట, "తెచ్చినవా?"

చదివాను. ఆమె చెవి దగ్గర నోరు పెట్టి, ఒక్క మాట మింగకుండా, కళ్లు కాగితం మీదనే పెట్టి చదివాను. అయిపోయింది. జమున పక్కకు ఒత్తిగిలింది. దిండు పక్కన ఉన్న మరాఠీ పేపరు చింపి, ఆకంత ముక్క నా చేతిలో పెట్టింది. చుట్టమంది. చుట్టాను. దారం లేదు, చీర కుచ్చులోంచి ఒక పోగు లాగి ఇచ్చింది. కట్టి మూతి మడిచాను. వేలు వంగింది. ఆ ఉత్త బీడీని ఆమె ఎండ వైపు పట్టుకుని చూసింది.

"ఎడమకే పోయింది," అంది. "నీ ఏలు మంచిగైంది అక్కా. గప్పటి లెక్కనే."

తెలుసు. మొదటి నుంచీ ఆమెకు తెలుసు. ఆ రోజు అరుగు మీద కట్ట చేతిలోకి తీసుకున్నప్పుడే తెలుసు. ఒక్క మాట అంటే చాలు, ఇదిగో మడత చూడు అని టేకేదారుకు చూపిస్తే చాలు. మరెందుకు అని అడగబోయాను. ఆమె ఆ బీడీని రవికలో దాచుకుని, లతను పిలిచి, ఆఖరు బస్సు పోతుంది బయల్దేరండి అంది. నేను లేస్తుంటే చెయ్యి పట్టుకుంది. "రేపటిది రాసి పెట్టు" అంది.

మృగశిర కార్తె వచ్చి, మొదటి వానలు పడ్డాక కబురు వచ్చింది. నేను పోయేసరికి అన్నీ అయిపోయాయి.

ఇప్పుడు మళ్లీ కార్తీకం. కాలు కొంచెం ఈడుస్తుంది, మాట మీకు అర్థమయ్యేంత వచ్చింది. పొద్దున కాలువ గట్టు మీద స్తంభం నుంచి స్తంభానికి ఒక్కదాన్నే నడుస్తాను. నడుము పట్టుకుని నడిచే మనిషికి చోటు వదిలి, కొంచెం పక్కకే నడుస్తాను. మధ్యాహ్నం రాస్తాను. రాసింది గోడ వైపు తిరిగి గట్టిగా చదువుతాను. లత వంటింట్లో చప్పుడు ఆపి వింటుందని నాకు తెలుసు.

అందుకే సిరీ, మనసు కోసం చూడకు. నువ్వు రాసింది వినే మనిషిని ఒకరిని చూసుకో. నీకు ఎవరూ దొరకకపోతే, రోజూ పొద్దున నాకు ఫోను చేసి చదువు, మూడు మాటలైనా సరే. ఈ చెవి ఖాళీగానే ఉంది.

నా పేజీ మాత్రం ఏది రాసినా చివర ఒకే చోటికి వస్తుంది. ఇవాళ్టిదీ అక్కడికే వచ్చింది. జమునా, నీ చేతిలో నా మడత ఉంది, ఊరంతా చూస్తోంది, అబద్ధం చెప్పింది నేను. మరి ఆ రోజు నువ్వెందుకు ఊకున్నవ్?